అద్దె ఇంటి స్నానాల గది – స్వల్ప వ్యయంతో అభ్యంగన స్నానానికి అనువుగా

2022వ సంవత్సరం నరక చతుర్దశి నాటి తెల్లవారుజామున మా అమ్మగారు ఆచారం ప్రకారం హాలులో పీట మీద కూర్చుని తలకు, ఒంటికి, చివరగా పాదాలకు నువ్వుల నూనె రాసుకొన్నారు. సున్నిపిండి గిన్నె ఒక చేత, తువ్వాలు మరొక చేత పట్టుకొని స్నానాల గది గడప దాటారు. మరుక్షణమే చప్పుడైంది. మేము పరుగెత్తి వెళ్ళేసరికి ఆమె గోడవారగా కూలబడి, కుడి చేతిని ఒడిలో పెట్టుకొని ఉన్నారు. మణికట్టు వద్ద ఎముక విరిగింది. అప్పటికి ఆమె వయస్సు 71 సంవత్సరాలు. ఎముకల వైద్యుడు పిండికట్టు వేస్తూ, "తుంటి ఎముక విరగలేదు, సంతోషించండి" అన్నారు.

ఆరు వారాల తరువాత కట్టు విప్పారు. ఎముక అతికింది. కాని అమ్మ మాత్రం, "ఇక నాకు నూనె వద్దురా నాయనా, ఆ గదిలో కాలు పెట్టాలంటేనే గుండె దడగా ఉంది" అన్నారు. పండుగ నాడు కూడ ఒంటిమీద చుక్క నూనె పడనివ్వలేదు. నిద్ర తగ్గింది. చర్మం పొడిబారి దురదలు మొదలైనాయి. మోకాళ్ళ నొప్పులు హెచ్చినాయి.

ఎన్నో ఏండ్లుగా రోగులకు అభ్యంగనం చేయమని సలహా చెబుతూ వచ్చినవాడిని నేను. వాగ్భటుడు అష్టాంగ హృదయంలో అభ్యంగనం ముసలితనాన్ని, అలసటను, వాతాన్ని పోగొడుతుందని, తలకు, చెవులకు, పాదాలకు విశేషంగా చేయవలెనని చెప్పాడు. ఆ మాట ఎందరికో చెప్పాను. అయితే నూనె రాసుకొన్న మనిషి ఏ గదిలో, ఎటువంటి గచ్చు మీద నిలబడి స్నానం చేస్తున్నాడని ఒక్కరినైనా అడిగినవాడను కాను. వార్ధక్యంలో వాతం ప్రబలుతుంది గనుక అభ్యంగనం అవసరం అధికం. జారిపడే ప్రమాదం కూడ ఆ వయస్సులోనే అధికం. ఈ రెంటి నడుమ ఉన్నది స్నానాల గది. కావున ఆయుర్వేద పత్రికలో కుళాయిల గురించి, గచ్చు గురించి వ్రాస్తున్నందుకు పాఠకులు ఆశ్చర్యపడవద్దని మనవి.

సొంత ఇల్లు గలవారు గదిని పగులగొట్టి కొత్తగా కట్టుకొనగలరు. అద్దెకున్న మనకు ఆ వీలు లేదు. ఇంటి యజమానికి మన మీద ఎంత అభిమానమున్నా గోడ మీద అంతకంటె హెచ్చు అభిమానం ఉంటుంది.

మా గది పరిస్థితి

మేము అద్దెకున్నది విజయవాడ సత్యనారాయణపురంలో ఒక మేడమీది వాటా. స్నానాల గది అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. నేలకు నున్నని పలకలు. గడప వద్ద మూడంగుళాల దిమ్మె. పైన ఎప్పటిదో ఒక మసక దీపం. కుళాయి కారుతూ ఉండేది. తూము వద్ద నీరు నిలిచేది. గోడ కిందిభాగంలో నల్లని బూజు. ఇన్నాళ్ళూ ఈ గదిలోనే స్నానం చేస్తూ ఇవేవీ నేను గమనించలేదు. అమ్మ పడిన మరునాడు నేను కూడ పాదాలకు నూనె రాసుకొని, గోడ పట్టుకొని, ఆ గదిలో నాలుగడుగులు వేసి చూశాను. చదివేవారు కూడ ఒకసారి అట్లా చేసి చూడవలెనని నా సలహా. దగ్గర మరొకరు తోడు ఉండవలెను సుమా!

అప్పుడు అర్థమైన మొదటి సంగతికి ఖర్చే లేదు. నూనె హాలులో రాసుకొని స్నానాల గదికి నడవడం పెద్ద పొరపాటు. పాదాభ్యంగనం స్నానపు పీట మీద కూర్చున్న తరువాతనే చేయవలెను. చలికాలం వల్లనో, గది ఇరుకు వల్లనో బయటనే నూనె రాసుకొనేవారు పాదాలను మాత్రం విడిచిపెట్టి, గదిలో కూర్చున్నాక రాసుకొనవలెను. స్నానం ముగిసి లేచే ముందు అరికాళ్ళను సున్నిపిండితో రుద్ది, కడిగి, పొడిబట్టతో తుడుచుకొనవలెను. ఈ ఒక్క మార్పుతో సగం ప్రమాదం తప్పుతుందని నా నమ్మకం.

గచ్చు

నూనె ఒక్కటే జారుడుకు కారణం కాదు. కుంకుడు రసంలోని నురుగు సబ్బు నురుగు వలెనే జారుతుంది. తలంటు తరువాత నేల మీద నూనె, నురుగు, పిండి కలిసి ఒక పొరగా ఏర్పడతాయి. చెంబుతో నాలుగు నీళ్ళు చల్లినంత మాత్రాన అది పోదు. మరునాడు స్నానానికి వచ్చినవారు, నూనె రాసుకొననివారు సైతం, దాని మీదనే కాలుపెడతారు.

దీనికి చాకలి సోడా చక్కని మందు. ఒక బకెట్టు వేడినీటిలో గుప్పెడు చాకలి సోడా కరిగించి, నేల మీద పోసి, పది నిమిషాలు నాననిచ్చి, కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది, మంచినీటితో కడగవలెను. సోడా క్షారం గనుక నూనెను విడదీసి నీటితో పోయేటట్లు చేస్తుంది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొనవలెను, లేని యెడల చర్మం పగులుతుంది. మా ఇంట్లో తలంటు అయిన ప్రతిసారీ ఈ పని జరుగుతుంది. ఆ రోజు గదిలోకి చివరగా వెళ్ళేవాడను నేనే గనుక పని నాకే వచ్చింది.

పాత ఇండ్లలో పలకలకు బదులు నాపరాళ్ళు ఉంటాయి. బేతంచెర్ల, తాండూరు, కడప రాళ్ళన్నీ సున్నపురాయి జాతివే. వీటి మీద నిమ్మరసం, చింతపండు, ఆమ్లం పోయరాదు. రాయిని తినివేసి గుంతలు పడతాయి, ఆ గుంతలలో పాచి పడుతుంది. పింగాణీ పలకలకు ఆ భయం లేదు. బోరు నీటి వల్ల ఏర్పడిన తెల్లని ఉప్పుపొరకు చింతపండు గుజ్జు పట్టించి, పావుగంట ఉంచి రుద్దిన యెడల చాలవరకు పోతుంది. ఇత్తడి గంగాళం తోమినట్లే.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక. బజారులో దొరికే ఆమ్లాన్ని, బ్లీచింగు పొడిని ఎన్నడూ కలిపి వాడరాదు. ఒకదాని తరువాత ఒకటి వెంటనే వాడడం కూడ అపాయమే. రెండూ కలిసినచో క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులకు తీవ్రమైన హాని చేస్తుంది, ప్రాణాపాయం కూడ కలుగవచ్చు. తెల్లగా మెరవవలెనన్న ఆశతో ఇల్లాండ్రు ఈ రెంటినీ కలపడం వింటూ ఉంటాము.

నేల శుభ్రమైన తరువాత రంధ్రాలు గల మందపాటి రబ్బరు చాప పరిచాము. నీరు రంధ్రాల గుండా కిందికి పోతుంది, కాలు నిలుస్తుంది. చాపను వారానికి ఒకసారి ఎత్తి, అడుగుభాగం కడిగి, ఎండలో ఆరవేయవలెను. లేనిచో చాప కిందనే జిగురు చేరి, చాపే జారుతుంది. గోనెసంచులు, పాత బట్టలు పరచడం మంచిది కాదు, అవి తడిసి కాళ్ళకు చుట్టుకొంటాయి.

పట్టుకమ్మీ, యజమానితో సంప్రదింపు

పెద్దవారు పీట మీది నుండి లేచేటప్పుడు పట్టుకొనడానికి ఏదో ఒకటి కావలెను. సాధారణంగా కుళాయినో, తువ్వాలు వేసే కమ్మీనో పట్టుకొంటారు. ఆ రెండూ మనిషి బరువును మోయలేవు. గోడకు మేకు కొట్టనక్కరలేకుండా గాలి ఒత్తిడితో అంటుకొనే ప్లాస్టిక్ పిడులు వస్తున్నాయి. అద్దె ఇండ్లకు వరప్రసాదమని తలచి నేను ఒకటి కొన్నాను. నాలుగవ రోజున నేనే పట్టుకొని లాగగా ఊడి చేతికి వచ్చింది. తడిగోడ మీద, పలకల అతుకుల మీద వాటిని నమ్మరాదు. అమ్మ చేతిలో ఊడనందుకు దేవునికి నమస్కరించి అటక మీద పడవేశాను.

స్టీలు కమ్మీని గోడలోకి మరలతో బిగించవలసిందేనని తేలింది. కింద వాటాలో ఉండే యజమాని మొదట ససేమిరా అన్నారు. "గోడకు ఒక్క మేకు దిగినా ఊరుకోనండీ, పలకలు పగిలితే ఆ రంగు మళ్ళీ దొరకదు" అన్నది ఆయన వాదన. అందులో అన్యాయమేమీ లేదు. మరునాడు ఒక కాగితం మీద ఎక్కడ, ఎన్ని రంధ్రాలు వేస్తామో గీసి, ఖర్చు మాదేనని, ఖాళీ చేసేటప్పుడు కమ్మీని ఇంటికే విడిచిపెడతామని వ్రాసి, సంతకం చేసి ఇచ్చాను. అమ్మ కూడ కట్టు వేసిన చేతితో మెట్లు దిగి వచ్చి వరండాలో కూర్చున్నారు. కాగితం పని చేసిందో, కట్టు పని చేసిందో చెప్పలేను గాని, ఒక కమ్మీకి ఒప్పుకొన్నారు. మరుగుదొడ్డి పక్కన రెండవదానికి మాత్రం ఒప్పుకొనలేదు. అక్కడ చేతులున్న ఎత్తుబల్ల, నడుమ రంధ్రం గలది, ఒక బంధువు వద్ద అరువు తెచ్చి వేశాము.

చట్టం సంగతి కూడ క్లుప్తంగా తెలిసి ఉండడం మేలు. వేరే ఒప్పందం లేనప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ప్రకారం, అద్దెకున్నవారు యజమాని అనుమతి లేనిదే శాశ్వత కట్టడమేదీ కట్టరాదు. తాము అమర్చుకొన్న వస్తువులను తీసుకొనిపోవచ్చును గాని, ఇంటిని తీసుకొన్నప్పటి స్థితిలోనే అప్పగించవలెను. యజమాని చేయించవలసిన మరమ్మతును, తెలియజేసిన తరువాత కూడ తగిన వ్యవధిలో చేయించని యెడల, అద్దెదారు చేయించుకొని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకొనవచ్చునని కూడ అదే సెక్షనులో కలదు. అయినా కాగితం మీద వ్రాసుకొనడమే ఉత్తమం. చట్టం పుస్తకం పట్టుకొని మేడ దిగడం వల్ల కుళాయి బాగుపడదు, కయ్యం మాత్రం పెరుగుతుంది.

కమ్మీని నేలకు 33 నుండి 36 అంగుళాల ఎత్తులో బిగించడం సాధారణం. పిడికిలి చక్కగా మూసుకొనడానికి దాని మందం ఒకటింపావు నుండి ఒకటిన్నర అంగుళం వరకు ఉండవలెను. కూర్చుని లేచేవారికి ఎక్కడ చేయి అందుతుందో వారిని కూర్చుండబెట్టి చూసుకొని గుర్తు పెట్టుకొనడం మేలు. బిగించిన తరువాత ఇంటిలో అందరికంటె బరువైన మనిషి దానిని పట్టుకొని వేలాడి చూడవలెను. మా ఇంట ఆ గౌరవం నాకే దక్కింది.

పీట సంగతి. నేలకు ఆరంగుళాల ఎత్తున ఉండే చెక్కపీట మోకాళ్ళ నొప్పులున్నవారికి పనికిరాదు. కూర్చున్నప్పుడు తొడలు నేలకు సమాంతరంగా ఉండే ఎత్తుపీట, కాళ్ళకు రబ్బరు తొడుగులున్నది కొనవలెను. వేడినీటి స్నానం తరువాత వృద్ధులకు కళ్ళు తిరగవచ్చును. కావున కూర్చునే స్నానం చేసి, ఒక నిమిషం ఆగి, కమ్మీ పట్టుకొని నెమ్మదిగా లేవవలెను.

వెలుతురు, తలుపు

మసక దీపం తీసివేసి 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపం పెట్టాము. గది వెలుపల మరొకటి. గడప దిమ్మె అంచున తెల్లని రంగు గీత గీశాము, దిమ్మె కనబడక కాలు తట్టుకొనడం పెద్దలలో తరచు జరుగుతుంది. లోపలి గడియ వేసుకొనే అలవాటు అమ్మ చేత మాన్పించడం మాత్రం కష్టమైంది. లోపల పడిపోయినవారిని తలుపు విరగగొట్టి తీయవలసి రావడం ఎంత ప్రమాదమో చెప్పి, తలుపు బయట తువ్వాలు వ్రేలాడుతున్నచో లోపల మనిషి ఉన్నట్లు అని ఇంటిల్లిపాదికీ నియమం పెట్టుకొన్నాము.

తూము, సున్నిపిండి

మా తూము వద్ద నీరు నిలవడానికి కారణం చూడగా అది మా సున్నిపిండే! ముతకగా విసిరిన పిండి, నూనె, రాలిన వెంట్రుకలు కలిసి నహానీ ట్రాపు అని పిలిచే తూము గిన్నెలో ముద్దగా పేరుకొన్నాయి. మూత తీసి, ఆ ముద్దను చేతితో తీసి, సోడా కలిపిన గోరువెచ్చని నీరు పోసేసరికి దారి తెరచుకొంది. సలసల కాగే నీరు పోయరాదు, ప్లాస్టిక్ గొట్టాల అతుకులు వదులవుతాయి. పైన సన్నని జాలి వేశాము.

అప్పటి నుండి పిండిని సన్నగా పట్టించి జల్లించి వాడుతున్నాము. అరకిలో పెసలు, పావుకిలో శనగపప్పు, 50 గ్రాముల చొప్పున మెంతులు, కచ్చూరాలు, వట్టివేళ్ళు, ఎండిన నారింజ తొక్కలు, 25 గ్రాముల కస్తూరి పసుపు. ఇవన్నీ ఎండబెట్టి మరపట్టించవలెను. కొందరు బావంచాలు కలుపుతారు. అవి చర్మాన్ని ఎండకు సున్నితం చేసే గుణం కలవి గనుక, పసివారికి, ఎండలో తిరిగేవారికి వద్దని నా అభిప్రాయం.

తూము నుండి దుర్వాసన, బొద్దింకలు వస్తున్నవని చాలమంది గదిలో కర్పూరం, అగరువత్తులు పెడతారు. తూము గిన్నెలో నిలిచే నీరే కింది గొట్టం వాసనను అడ్డుకొనే తెర. వాడని గదులలో, వేసవిలో ఆ నీరు ఎండిపోతుంది, తెర తొలగుతుంది. ఊరికి వెళ్ళే ముందు రెండు చెంబుల నీరు పోసి, పైన ఒక చెంచా కొబ్బరినూనె వేసిన యెడల త్వరగా ఎండదు.

కారే కుళాయికి చాలవరకు లోపలి రబ్బరు వాషరు అరగడమే కారణం. మాది సెకనుకు ఒక చుక్క చొప్పున కారేది. కింద బకెట్టు పెట్టి చూడగా తెల్లవారి నుండి తెల్లవారి వరకు సుమారు 20 లీటర్లు చేరింది, ఒకరి స్నానానికి సరిపడే నీరు! ఇట్లు పట్టిన నీటిని మూత లేకుండా వారాల తరబడి నిలువ ఉంచరాదు. డెంగ్యూ వ్యాపింపజేసే దోమ మంచినీటిలోనే గ్రుడ్లు పెడుతుంది, వారం పది రోజులలో దోమ తయారవుతుంది. వారానికి ఒకనాడు గంగాళాలు, బకెట్లు ఖాళీ చేసి, అంచులు రుద్ది ఆరబెట్టవలెను.

బూజు, తేమ

గోడ మీది నల్లని బూజు ఉబ్బసం, పీనసం ఉన్నవారికి శత్రువు. పీచుతో రుద్ది, గోడ బాగా ఎండిన తరువాత పలకలు లేనంత మేర సున్నం వేశాము. సున్నం క్షారం గనుక బూజును నిలువనీయదు. పలకల సందులలో తెల్ల సిమెంటు నింపాము. స్నానానంతరం తలుపు, కిటికీ తెరచి ఉంచడం, తడిబట్టలు లోపల ఆరవేయకుండుట అంతకంటె ముఖ్యం. గాలిని బయటకు నెట్టే పంకాను యజమాని తన ఖర్చుతోనే పెట్టించారు. గోడ ఉబ్బడం ఆయన కళ్ళారా చూశారు గనుక, దానికి కాగితం అవసరం కాలేదు.

వేడినీరు

ఇక్కడ పొదుపు పనికిరాదు. గ్యాసు గీజరును గాలి ఆడని స్నానాల గది లోపల పెట్టడం ప్రాణాపాయం. మంట వల్ల పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, మనిషి తెలియకుండానే స్పృహ కోల్పోతాడు. యంత్రం బయట ఉండి, నీటి గొట్టం మాత్రమే లోపలికి రావలెను. బకెట్టులో వేసే కరెంటు కడ్డీ వాడేవారు స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసిన తరువాతనే నీటిలో చేయి పెట్టవలెను. ఇనుప బకెట్టులో వేడి చేయరాదు. ఎర్తు లేని స్విచ్చిని సరిచేయించమని యజమానిని గట్టిగా అడగవచ్చును. వాగ్భటుడు మెడ కిందికి వేడినీరు బలాన్నిస్తుందని, తల మీద పోసిన వేడినీరు కేశాలకు, కన్నులకు బలహానికరమని చెప్పాడు. కావున తలకు గోరువెచ్చని నీరే చాలును. అంత వేడి అవసరమే లేదు. భోజనం చేసిన వెంటనే, అజీర్ణం, అతిసారం, పీనసం ఉన్నప్పుడు స్నానం కూడదని కూడ ఆయన నియమం. అటువంటి నాడు తలంటు వాయిదా వేసుకొనవలెను.

ఖర్చు

మాకు అయినది ఇది: రబ్బరు చాప 380 రూపాయలు, దీపాలు రెండు 180, కమ్మీ 450, బిగింపు కూలి 200, ఎత్తుపీట 450, సున్నం 150, జాలి 90, తెల్ల సిమెంటు 40, వాషరు 20. వెరసి 1,960 రూపాయలు. ఊడిపోయిన ప్లాస్టిక్ పిడి ఖర్చు ఇందులో కలపలేదు, అది నా అవివేకం ఖాతాలోనిది. ఖాళీ చేసేనాడు చాప, పీట, దీపాలు మాతో వస్తాయి. కమ్మీ, జాలి ఇంటితో ఉంటాయి.

పని పూర్తయిన తరువాత కూడ అమ్మ చాల రోజులు మొండికేశారు. 2023 మాఘమాసంలో ఒక శుక్రవారం ఉదయం ఆమే స్వయంగా నూనె గిన్నె వెచ్చబెట్టమన్నారు. చాప మీద పీట, పీట పక్కన కమ్మీ. పాదాలకు నూనె చివరగా, అక్కడే కూర్చుని రాసుకొన్నారు. తలుపు గడియ వేయలేదు. బయట తువ్వాలు వ్రేలాడుతుండగా నేను గడప దగ్గర కుర్చీ వేసుకొని పత్రిక చదువుతున్నట్లు కూర్చున్నాను. కొంతసేపటికి లోపలి నుండి, "కుంకుడు రసం చిక్కబడింది, ఇంకాస్త వేన్నీళ్ళు కలిపి ఇవ్వరా" అన్న కేక వినబడింది.